కొత్తల్లుడికి శత్రువు

మరిది ఆ మాట అన్నప్పుడు వదిన చేతిలో కాఫీ కప్పు ఉంది. ఒలకలేదు. ఒలికినా బాగుండేది, తుడుచుకునే వంకతో ముఖం దాచుకునేది.

"వదినా, ఒకటి దొరికింది. మీ జాబితాలో లేనిది," అన్నాడు మరిది.

మీ జాబితాలో లేనిది! ఐదేళ్లు కళ్లు కాయలు కాచేలా చేసిన జాబితా. అందులో లేనిదొకటి, నిన్నగాక మొన్న వచ్చినవాడికి దొరికింది. పైగా ఆ చెప్పడం చూడండి, దారిలో పడిపోయిన చెవిదుద్దు ఏరి తెచ్చి ఇస్తున్నంత వినయంగా!

"చూద్దాం," అంది వదిన. కప్పు టేబుల్ మీద పెట్టింది. ఆ కాఫీ తాగనే లేదు.

ల్యాబ్ అంటే తెల్లకోట్లు, గాజు గొట్టాలు అనుకునేరు. ఇక్కడ గాజన్నది కిటికీకి తప్ప మరెక్కడా లేదు. పొడుగాటి గది, రెండు వరసల కంప్యూటర్లు, ఎండాకాలంలో నీళ్లు కారే ఏసీ, దాని కింద శాశ్వతంగా ఒక బకెట్. వరి మొక్కలు ఎక్కడో పెరుగుతాయి. వాటి ఆకుల్లోంచి తీసిన డీఎన్ఏని యంత్రాలు చదువుతాయి. చదివినదంతా కోట్లాది అక్షరాలుగా ఈ గదికి వస్తుంది. ఆ అక్షరాల అడవిలో ఏ జన్యువు ఎక్కడ నక్కి ఉందో పట్టుకోవడం వీళ్ల పని.

వదిన వెతికేవి రక్షణ జన్యువులు. ఎండ మండినా, నీళ్లు ఉప్పెక్కినా, వేరు ఎండినా మొక్క లోపల కొన్ని ప్రోటీన్లు పుట్టుకొచ్చి మిగతా ప్రోటీన్లకు గొడుగు పడతాయి. వాటిని పుట్టించే జన్యువులు ఏ జాతి వరిలో ఎన్ని ఉన్నాయి, ఎక్కడెక్కడ ఉన్నాయి? మనుషులు పండించే వరి జాతులు రెండే. మిగతావన్నీ అడవి జాతులు, ఎవరూ నాటకుండా, ఎవరూ కోయకుండా వాటి మానాన అవి బతికేవి. అన్నిటి మొత్తం డీఎన్ఏ రాతలూ, అంటే జీనోమ్‌లూ జల్లెడ పట్టి వదిన ఒక జాబితా తయారుచేసింది. ఆ జాబితాతో అచ్చుకి పంపే ఒక పరిశోధన పేపరు. ఆ పేపరులో మొదటి పేరు తనది.

మొదటి పేరంటే ఏమిటో ఆ వృత్తిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. మొదటి పేరు ఎవరిదైతే పని వాళ్లది. రెండో పేరంటే పెళ్లి ఫొటోలో వెనక వరసలో నిలబడ్డ బాబాయే. ఉన్నాడంటే ఉన్నాడు, అంతే.

మరిదిని ఈ ల్యాబ్‌కి తెచ్చింది ఎవరనుకున్నారు? వదినే. చెల్లెలి మొగుడు ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చుంటే, "కుర్రాడు చురుకైనవాడు, నేర్చుకుంటాడు," అని తనే సిఫారసు చేసింది. ఏకై వచ్చి మేకయ్యాడు. వచ్చిన వారంలోనే ఏసీ బకెట్ ఎప్పుడు నిండుతుందో తెలుసుకుని పారబోయడం మొదలుపెట్టాడు. అందరి పుట్టినరోజులూ గుర్తు పెట్టుకున్నాడు. అన్నిటికంటే ఘోరం ఇంకొకటి ఉంది. అందరి ముందూ ఆమెను "వదినా" అని పిలిచాడు. అప్పటిదాకా ఆమె ఆ గదిలో "మేడం". వాడి నోటివెంట ఆ పిలుపు విన్నాక ఒకరి తర్వాత ఒకరు అదే పట్టుకున్నారు. ఇప్పుడు కాంటీన్ వాడు కూడా "వదినగారికి రెండు టీ" అంటాడు. ఐదేళ్ల పనితో సంపాదించుకున్న పేరు పోయి, వాడి చుట్టరికంతో వచ్చిన పేరు మిగిలింది.

ఇక మరిదికి దొరికిన జన్యువు సంగతి. ఉప్పునీటి ఒడ్డున బురదలో పెరిగే అడవి వరి ఒకటి ఉంది. ల్యాబ్‌లో దాన్ని ఉప్పు వరి అంటారు. దాని జీనోమ్‌లో ఒక మూల ఈ జన్యువు కూర్చుని ఉంది. దాని నుంచి పుట్టే ప్రోటీన్ ఆకారం చూస్తే నిక్షేపంగా గొడుగు పట్టే రకమే. కానీ తెలిసిన ఏ కుటుంబానికీ చెందదు. అందుకే వదిన ప్రోగ్రాం దాన్ని పట్టుకోలేదు. ఆమె తెలిసిన ముఖాలతో పోల్చి వెతికింది. మరిది ముఖం వదిలేసి నడక చూసి వెతికాడు. కొత్తగా వచ్చి పెద్దరికంగా కూర్చుందని ఆ జన్యువుకు ఎవరో కొత్తల్లుడు అని పేరు పెట్టారు. అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది, పంటినొప్పి ఉన్నవాళ్లు నవ్వినట్టు.

సంగతి పెద్దావిడకు చేరింది. ఆ ల్యాబ్‌కి అధిపతి ఆవిడే. పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. అరిచి ఎరగదు. ఎరగకపోయినా అందరికీ హడలే.

"ఇది నిజమైతే పేపరంతా దీని గురించే. జాబితా వెనక్కి పోతుంది. మొదటి పేరు అబ్బాయిది," అంది పెద్దావిడ. "నిజం కాకపోతే మామూలుగా జాబితా పేపరే పంపిద్దాం. మొదటి పేరు అమ్మాయిది. నెలాఖరు గడువు. ఇక శత్రువు ఎవరు?"

ఈ శత్రువు పద్ధతి ఆ ల్యాబ్‌లో తప్ప మరెక్కడా ఉండదేమో. ఎవరికి ఏ కొత్త సంగతి దొరికినా దానికొక శత్రువును నియమిస్తారు. ఆ సంగతిని చంపడమే శత్రువు పని. చంపలేకపోతేనే అది బయటికి వెళుతుంది. దానికి రెండు నియమాలు. సంగతి నిజమైతే ఎవరికి ఎక్కువ నష్టమో వాళ్లే శత్రువు. "స్నేహితుడు తప్పులు వెతికితే ఏం దొరుకుతాయి, నా మొహం!" అంటుంది పెద్దావిడ. రెండోది, మీటింగులో తగిలిన దెబ్బలు మాత్రమే చెప్పాలి. పూర్వం ఒకాయన తను వేసిన తగలని దెబ్బలన్నీ గంటల తరబడి వర్ణించి అందరికీ తలనొప్పి తెప్పించాడట. అప్పటినుంచి ఆ నియమం. "తగలనివి ఇంటికి పట్టుకెళ్లండి."

"నేనే," అంది వదిన, ఎవరూ అడగకముందే.

మరిది ఆమె వైపు తిరిగి నవ్వాడు. "మీరైతే నాకు నిశ్చింత వదినా. మీ చేతిలో బతికితే ఇంకెవరి చేతిలోనూ చావదు."

ఆ మంచితనమే ఆమెకు పుండు మీద కారం. కాస్త మొహం మాడ్చుకుని ఉంటే ఏం పోయింది వాడికి?

మొదటి దెబ్బ మధ్యాహ్నంలోపే తగిలింది.

ప్రపంచంలో ఇంతవరకూ చదివిన ప్రోటీన్లన్నీ ఉన్న ఖజానాలో కొత్తల్లుడి పోలికలు వెతికింది. దగ్గరి పోలికలేవీ మొక్కల్లో లేవు. అన్నీ బూజుల్లోనే! ఆకుల లోపల కనబడకుండా కాపురముండే బూజులు. వదినకు ఒళ్లు పులకరించింది. ఆకు నూరి డీఎన్ఏ తీసినప్పుడు లోపలున్న బూజు డీఎన్ఏ కూడా కలిసే వస్తుంది. అంటే కొత్తల్లుడు వరి ఇంటివాడే కాదు. ఎవరో దారినపోయే బూజు భోజనాల వేళకి వచ్చి పంక్తిలో కూర్చుంది!

కానీ ఊహ వేరు, దెబ్బ వేరు. రుజువు కావాలి. యంత్రం డీఎన్ఏని ఏకధాటిగా చదవదు. ముక్కలుగా చదువుతుంది. ఆ ముక్కల్ని రీడ్లు అంటారు. రీడ్లను ఒకదాని అంచు ఒకదానికి కలిపి ప్రోగ్రాం అతికిస్తుంది. ఆ అతుకుల్లో ఎక్కడో బూజు ముక్క వరి ముక్కల మధ్య ఇరుక్కుని ఉండాలి. ఆ అతుకు పట్టుకుంటే మరిది పని అయిపోయినట్టే.

పట్టుకోవాలంటే అతికించక ముందున్న రా డేటా కావాలి. అది ఎవరూ రోజూ ముట్టుకునేది కాదు. నేలమాళిగలో, డిస్కుల బీరువాల్లో ఉంటుంది. అక్కడ ఒక పెద్దమనిషి కాపలా. అందరూ ఆయన్ని బీరువా బాబాయ్ అంటారు.

"ఉప్పు వరి రా డేటానా? నాలుగేళ్లుగా దాని మొహం చూసినవాడు లేడమ్మా," అన్నాడు బీరువా బాబాయ్ నడుం పట్టుకుని లేస్తూ. "ఏం కొంప మునిగింది?"

"మునిగిందో లేదో చూద్దామనే బాబాయ్."

"మునిగితే చెప్పు. నాకు ఈత రాదు."

డిస్కు తెచ్చుకుంది. ముందు బూజు రీడ్లు ఉన్నాయా అని చూసింది. ఉన్నాయి! నూటికి రెండో మూడో, కానీ ఉన్నాయి. ఆ ఆకులో బూజు కాపురమున్న మాట నిజం. వదిన కుర్చీలోనే ఒక చిన్న గంతు వేసింది. పక్క సీటు అమ్మాయి "ఏమైంది వదినా?" అంటే "చీమ" అంది.

ఇక అతుకు. కొత్తల్లుడు ఉన్న చోటికి చేరే రీడ్లన్నీ వరసగా పేర్చింది. వాటిలో పొడుగాటి రీడ్ ఒకటి కనబడింది. తెరిచింది.

చూసింది. మళ్లీ చూసింది. కళ్లద్దాలు తీసి చీరకొంగుతో తుడుచుకుని మళ్లీ చూసింది.

ఎడమవైపు వరి జన్యువు. మధ్యలో కొత్తల్లుడు. కుడివైపు మళ్లీ వరి జన్యువు. మూడూ ఒకే రీడ్‌లో! ఎవరూ అతికించింది కాదు. యంత్రం ఒక్క ఊపిరిన చదివింది. అలాంటివి ఇంకా ఉన్నాయి, గుత్తులుగా. అతుకు లేనే లేదు. బూజు ఆకులో ఉన్నమాట నిజమే కానీ, కొత్తల్లుడు మాత్రం వరి ఇంట్లో గోడకి గోడ ఆనించి గది కట్టుకుని ఉన్నాడు.

ఒక్క దెబ్బ తగలకపోతే శత్రువు ఊరుకుంటాడా? వదిన పంతం పట్టింది. వేరే సముద్రపు ఒడ్డున, వేరేవాళ్లు చదివిన మరో ఉప్పు వరి మొక్క డేటా దించింది. ఆ మొక్కలోనూ వీడే, అదే చోట, అదే ఠీవితో. ఉప్పునీళ్లు పోసినప్పుడు వేళ్లలో ఏ జన్యువులు మేలుకుంటాయో కొలిచిన లెక్కలు తీసింది. ఉప్పు తగలగానే అందరికంటే ముందు లేచి కూర్చునేది వీడే. ఆఖరికి మనం పండించే వరిలో సరిగ్గా ఆ చోటు తవ్వింది. అక్కడ ఏమీ లేకపోతే అదొక అనుమానం కదా!

అక్కడ కొత్తల్లుడి శిథిలం ఉంది. తల లేదు, కాళ్లు లేవు. మధ్యలో విరిగిన గోడల్లా కొన్ని అక్షరాలు. కన్ను అలవాటు లేనివాళ్లకి చెత్తలా కనబడతాయి. వదినకు మాత్రం కళ్లకు కట్టినట్టు కనబడింది. ఎప్పుడో లక్షల ఏళ్ల కిందట ఏ బూజు నుంచో గడ్డిజాతికి దాటిన జన్యువు ఇది. అందుకే బూజు పోలిక. ఉప్పు వరి దాన్ని కాపాడుకుంది. మన వరి పోగొట్టుకుంది.

ఎంత అందమైన కథ! అంత అందమైన కథ తన జీవితంలో చూడలేదు. అది మరిదిది. తను చంపడానికి వేసిన ప్రతి దెబ్బా వాడి జన్యువుకు ఒక్కో ఇటుకై పేరింది. వాడికి తెలిసింది ఇల్లుందని మాత్రమే. పునాదులు, గోడలు, చరిత్ర, అన్నీ తన దగ్గర ఉన్నాయి. అయినా పట్టా వాడి పేరున!

మీటింగుకు ముందు రోజు సాయంత్రం చెల్లెలు వచ్చింది. ఈత నేర్పే టీచరు. జుట్టు ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

"అక్కా, మీ మరిది ఇల్లంతా ఈలలు వేసుకుంటూ తిరుగుతున్నాడే. ఉద్యోగం పోయినప్పటినుంచి ఆ ఈల వినలేదు నేను. నువ్వే శత్రువట కదా?"

"అవును."

"కాస్త మెల్లిగా కొట్టవే. ఉన్నది ఒక్క మొగుడే."

"పనికీ మొగుళ్లకీ ముడిపెట్టకు."

"అబ్బో! మరి సిఫారసు చేసినప్పుడు పెట్టావుగా ముడి?" అంది చెల్లెలు నవ్వుతూ. అక్క నవ్వలేదు. చెల్లెలు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, "ఏమిటే, నిజంగానే కొట్టేట్టున్నావే!" అంది.

"నా ఐదేళ్లే అవి," అంది వదిన. గొంతు ఆమె అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. చెల్లెలు తడి జుట్టు ముడేసుకుని వెళ్లిపోయింది.

మీటింగు గదిలో పదిమంది. మరిది ముందు నిలబడి చెప్పాడు. బాగా చెప్పాడు. మధ్యలో రెండు జోకులు కూడా వేశాడు. తర్వాత పెద్దావిడ తల తిప్పింది. "శత్రువు?"

వదిన లేచింది. రెండే బొమ్మలు తెర మీద వేసింది. మొదటిది, కొత్తల్లుడి దగ్గరి పోలికలన్నీ బూజుల్లోనే ఉన్నాయన్నది. రెండోది, ఆ ఆకు డేటాలో బూజు రీడ్లు ఉన్నాయన్నది. రెండూ నిజాలే. ఒక్క అక్షరం అబద్ధం లేదు.

మరిది మొహంలో నెత్తురు ఎలా దిగిపోతుందో వదిన చూసింది, మెట్లు దిగుతున్నంత స్పష్టంగా. వాడు తెర దగ్గరికి నడిచి బూజు రీడ్ల అంకెను వేలితో తడిమాడు.

"ఇది... ఇది నేను చూడలేదు," అన్నాడు.

"ఇంకేమైనా ఉందా?" అని అడిగింది పెద్దావిడ.

తగలని దెబ్బలు చెప్పకూడదన్నది నియమం. ఆ నియమం వెనక వదిన కుక్కిన పేనులా దాక్కుంది. నాలుక మీదకి వచ్చిన పొడుగాటి రీడ్‌ను మింగేసింది.

"తగిలినవి ఇవే," అంది.

"చాలు. కొత్తల్లుణ్ణి పక్కన పెట్టండి. జాబితా పేపరు పంపిద్దాం. మొదటి పేరు అమ్మాయిది."

గెలిచింది! ఐదేళ్ల పంట చేతికొచ్చింది. గుండె గంతులెయ్యాలి కదా? వదిన తన సీటుకు వచ్చి కూర్చుని, ఆ గంతుల కోసం ఎదురుచూసింది.

అప్పుడు చూసింది. మరిది టేబుల్ చుట్టూ మనుషులు. పక్క సీటు అమ్మాయి బిస్కెట్లు పెట్టింది. ఒకడు భుజం తట్టాడు. కాంటీన్ వాడు అడక్కుండానే టీ తెచ్చి, "డబ్బులొద్దన్నా," అన్నాడు. ఏసీ బకెట్ నిండిపోతే వేరేవాడెవడో లేచి వెళ్లి పారబోశాడు. పెద్దావిడ స్వయంగా నడిచొచ్చి వాడి కుర్చీ వీపు మీద చెయ్యి వేసి ఏదో చెప్పింది. ఐదేళ్లలో ఆ చెయ్యి వదిన కుర్చీ మీద ఒక్కసారి కూడా పడలేదు. గెలిచిన మనిషి దగ్గరికి ఎవరూ రాలేదు. "బాగా కొట్టారు వదినా," అని ఒకడు దూరం నుంచి అన్నాడు, కసాయివాణ్ణి మెచ్చుకున్నట్టు.

ఓడినవాడి మీద కూడా అసూయ పడొచ్చని ఆమెకు అప్పుడే తెలిసింది.

దానికి తోడు వాడే వచ్చాడు. కళ్లు కొంచెం ఎర్రగా ఉన్నాయి.

"థాంక్స్ వదినా. ఆ పేపరు అలాగే బయటికి వెళ్లి, ఎవరో బయటివాళ్లు పట్టుకుని ఉంటే నా బతుకు బస్టాండే. పరువు కాపాడారు."

"నీ పని నువ్వు చేశావు, నా పని నేను చేశాను," అంది వదిన తెర వైపు చూస్తూ.

"కానీ నాకు మనసొప్పడం లేదు. పెద్దావిడ ఒప్పుకున్నారు. మీ పేపరు వెళ్లిపోయాక మెల్లిగా మళ్లీ మొదలుపెడతా. రా డేటా ఉంటుందట కదా కింద, బీరువా బాబాయ్ దగ్గర? రేపు వెళ్లి అడుగుతా. ఒక్కో రీడ్ చూసుకుంటూ పోతా. చచ్చిందో బతికిందో నా కళ్లతో చూస్తేగానీ..."

తర్వాత వాడేం అన్నాడో వదినకు వినబడలేదు.

మర్నాడు వాడికంటే ముందే నేలమాళిగకు దిగింది. డిస్కు ఇంకా తన సంచిలోనే ఉంది. చేయాల్సింది చాలా చిన్న పని. తిరిగి ఇచ్చెయ్యాలి. "నేను తీసుకున్నట్టు ఎవరికీ చెప్పకు బాబాయ్," అనాలి. ఆయన చెప్పడు. వాడు డిస్కు తీసుకెళతాడు, వెతుకుతాడు, ఎప్పటికో దొరుకుతుంది. అప్పటికి తన పేపరు అచ్చయి ఉంటుంది.

"ఏమ్మా, మునిగిందా కొంప?" అన్నాడు బీరువా బాబాయ్ అద్దాల పైనుంచి చూస్తూ.

వదిన డిస్కు తీసి కౌంటరు మీద పెట్టింది. దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

వాడికి దొరుకుతుంది. అదే అసలు బాధ. ఏదో ఒక రోజు వాడు ఆ పొడుగాటి రీడ్ తెరుస్తాడు. ఎడమ వరి, మధ్య కొత్తల్లుడు, కుడి వరి. కుర్చీలోంచి ఎగిరి గంతేస్తాడు. గదంతా చుట్టూ మూగుతుంది. తర్వాత ఆ శిథిలం కూడా దొరుకుతుంది. వాడు చురుకైనవాడు, తనే అంది ఆ మాట. అంతా వాడే కనిపెట్టినట్టవుతుంది. తను ముందు చూసిన రీడ్, తను కళ్లద్దాలు తుడుచుకుని చూసిన రీడ్, తను తవ్వితీసిన విరిగిన గోడలు, అన్నీ వాడివి! మొదటి పేరు పోతే పోనీ. ఇవి కూడానా?

దొరికిపోతానన్న భయం కూడా లేకపోలేదు. కానీ వదిన తనకు తాను అబద్ధం చెప్పుకునే రకం కాదు. ఆ కౌంటరు దగ్గర ఆమె చేతిని పట్టి ఆపింది భయం కాదు. పక్కా కడుపుమంట.

"ఇస్తున్నావా, పట్టుకెళుతున్నావా తల్లీ? ఏదో ఒకటి చెప్పు. నాకు మోకాళ్ల నొప్పులు, రెండుసార్లు లేవలేను."

"పట్టుకెళుతున్నా," అంది వదిన.

మరిది మెట్ల మీదే ఎదురయ్యాడు. ఆమె వాణ్ణి పక్కకు పిలిచి, మెట్ల మలుపులో కిటికీ గట్టు మీద ల్యాప్‌టాప్ తెరిచింది. పొడుగాటి రీడ్ చూపించింది. తర్వాత రెండో మొక్క. తర్వాత ఉప్పునీళ్లకు మేలుకున్న వేళ్ల లెక్క. ఆఖరున శిథిలం.

మరిది మొహం ముందు వెలిగింది. నోరు తెరుచుకుంది. "వదినా! బతికే ఉంది! ఇది... ఇది ఎప్పుడు చూశారు?"

"మీటింగుకు ముందు."

వెలుగు ఆరిపోవడానికి కాసేపు పట్టింది. పాత ట్యూబ్‌లైట్‌లా మినుకుమని, మళ్లీ వెలిగి, అప్పుడు ఆరింది.

"పెద్దావిడ ఇంకేమైనా ఉందా అని అడిగినప్పుడు ఇవి మీ దగ్గర ఉన్నాయి."

"ఉన్నాయి."

"నేను వచ్చి మీకు థాంక్స్ చెప్పినప్పుడు కూడా ఉన్నాయి."

పైమెట్ల మీద ఎవరో దిగుతూ, "ఏంటి వదినామరుదుల మంతనాలు!" అని నవ్వుకుంటూ పోయారు.

"మంచిది వదినగారూ," అన్నాడు మరిది. ఆ 'గారు' ఇన్నేళ్లలో ఎప్పుడూ లేదు. చల్లటి నీళ్లు మొహాన కొట్టినట్టు తగిలింది. "మా ఆవిడకు నేను చెప్పను. మీకూ మీ చెల్లెలికీ మధ్య నేనెందుకు! పెద్దావిడకు మాత్రం మీరే చెప్పాలి. ఇప్పుడే."

పెద్దావిడ అంతా వింది. బొమ్మలన్నీ చూసింది. శిథిలం దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత ల్యాప్‌టాప్ మూసి, దాని మీద చేతులు పెట్టుకుంది.

"నియమం నేను పెట్టిందే. తగలని దెబ్బలు చెప్పక్కర్లేదు. కాబట్టి నిన్ను ఏమీ అనలేను. కానీ ఇంకేమైనా ఉందా అన్నది నియమం కాదమ్మా, ప్రశ్న."

వదిన తల వంచుకుంది.

"ఇవాళ్టి నుంచి శత్రువు తగలనివి కూడా చెప్పాలి. నీ పేరు మీద ఈ ల్యాబ్‌లో ఒక నియమం మిగిలింది, సంతోషించు. పేపరు కొత్తల్లుడి మీదే. గడువు నేను అడిగి పెంచుకుంటా. మొదటి పేరు అబ్బాయిది."

"నాది?"

"రెండోది. అదైనా ఎందుకుంచుతున్నానంటే, పరీక్షలు గొప్పగా ఉన్నాయి. మనిషి సంగతి వేరు." వదిన తలుపు దగ్గరకు వెళ్లాక వెనక నుంచి మళ్లీ ఆవిడ గొంతు వినబడింది. "ఇంత శ్రద్ధగా ఎవరి మంచి కోరీ ఎవరూ పని చెయ్యరు. నేనూ ఒకప్పుడు... సరే, వెళ్లు."

ఆ వారమంతా వదిన, మరిది పక్కపక్క కుర్చీల్లో కూర్చుని పేపరు రాశారు. వాడు 'వదినగారూ' మానలేదు. అవసరమైన మాటే మాట్లాడాడు. ఈల వెయ్యలేదు. ఏసీ బకెట్ రెండుసార్లు పొంగి నేల తడిసింది.

మొదటి భాగం మరిది రాశాడు, ఇల్లు కనబడిన సంగతి. అది ఒక పేజీ అయింది. తర్వాతవన్నీ వదినవి. రీడ్లు, రెండో మొక్క, వేళ్లు, శిథిలం. పేజీలకు పేజీలు. చదువుతున్నకొద్దీ మరిది కుర్చీ కొంచెం కొంచెంగా ముందుకు జరిగింది.

"ఈ శిథిలం," అన్నాడు చివరికి. "మన వరిలో ఆ చోటు తవ్వాలని మీకెలా తట్టింది?"

"నువ్వు చెప్పింది నమ్మబుద్ధి కాక."

"నాకు తట్టేది కాదు." తెర మీది పేజీని మళ్లీ పైకి జరిపాడు. "ఏడాది కూర్చున్నా తట్టేది కాదు. అందరూ ఈ పేపరులో గుర్తు పెట్టుకునేది ఈ ముక్కే."

వదిన తెర మీంచి చూపు తిప్పి వాడి మొహం చూసింది. దవడ బిగుసుకుంది. నవ్వుదామని పెదవులు సాగదీశాడు కానీ కళ్లు ఆ నవ్వుకు రాలేదు. అవి తెర మీది శిథిలాన్ని అంటిపెట్టుకుని ఉన్నాయి. పక్కింటివాడి పెరట్లో కాసిన కాయను గోడ మీంచి చూసే చూపు.

ఆ చూపు ఆమెకు కొత్త కాదు. జనంలో దూరపు చుట్టాన్ని గుర్తుపట్టినట్టు ఇట్టే గుర్తుపట్టింది. నెలరోజులుగా అది తన ఇంట్లోనే కాపురముంది. ఇప్పుడు సామాన్లు సర్దుకుని పక్క కుర్చీకి మారుతోంది.

మొదటి పేరు వాడిదే. అచ్చులో ఎప్పటికీ వాడిదే. అయినా వదినకు చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది.

"ఎలా తవ్వానో మొదటినుంచీ చూపించనా?" అంది తియ్యగా.

మరిదికి వద్దనడానికి నోరు రాదు, చూపించమనడానికి మనసు రాదు.

"చూపించండి," అన్నాడు ఆఖరికి, పళ్ల మధ్య నుంచి.

వదిన కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఎక్కడా తొందరపడకుండా, ఒక్క అడుగు కూడా వదలకుండా, మొదటి రీడ్ నుంచి మొదలుపెట్టింది.